ఒంట్లో ఏదో అవుతోంది, రిపోర్టులన్నీ నార్మల్

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మీకు 31 ఏళ్లు. ఆరు నెలలుగా ఒంట్లో ఒకదాని తర్వాత ఒకటి వింతలు. మొదట కనురెప్ప అదరడం. తర్వాత తొడ దగ్గర ఫోన్ మోగినట్టు జుమ్మనడం, తీరా చూస్తే ఫోన్ టేబుల్ మీద ఉండటం. గుండె ఒక దెబ్బ తప్పినట్టు అనిపించడం. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండటం. వేళ్ల చివర్లలో, పెదాల చుట్టూ తిమ్మిరి. నిద్ర పట్టే వేళకు ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడటం, రెండుసార్లయితే తలలో బాంబు పేలినంత చప్పుడు. మూడు వారాలుగా కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం. రక్త పరీక్షలు, ఈసీజీ, మెదడు ఎమ్మారై అన్నీ నార్మల్. ఇద్దరు డాక్టర్లు "టెన్షన్ వల్లే" అన్నారు. "అయితే ఇదంతా నా ఊహేనా?" అని అడిగారు.

ఊహ కాదు. మీకు తెలుస్తోందంటే అది ఉన్నట్టే. దానికి కారణం ఏమిటి, భయపడాలా వద్దా అన్నవి వేరే ప్రశ్నలు.

నేను 27 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటే. ఒక అనుభూతి ఎంత వింతగా ఉందన్నదానికీ, అది ఎంత ప్రమాదమన్నదానికీ పెద్దగా సంబంధం ఉండదు. చాలాసార్లు తలకిందులుగా కూడా ఉంటుంది. తలలో బాంబు పేలిందని వణుకుతూ వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పి ఇంటికి పంపాను. వేరే పని మీద వచ్చి, లేచి వెళ్లిపోతూ "మెట్లెక్కితే ఛాతీ కాస్త బరువుగా ఉంటోంది, గ్యాసేమో" అని మాటవరసకు అన్నవాళ్లను మళ్లీ కూర్చోబెట్టి ఈసీజీ తీయించాను. అందుకే "ఎలా ఉంటోంది" అని విన్న వెంటనే నేను అడిగేది "ఇది మొదలయ్యాక మీరు చేయలేకపోతున్న పని ఏదైనా ఉందా" అని.

ఈ ప్రశ్న నాకు నేర్పింది మా ప్రొఫెసర్. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో కండరాలు క్షీణించే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు గురించి చదివాను. అదే వారం నా పిక్కలో కండరం టపటపా కొట్టుకోవడం కనిపించింది. రెండు నెలలు రోజూ రాత్రి టేపు పెట్టి పిక్కలు కొలుచుకున్నాను. నవ్వకండి. చివరికి ఉండబట్టలేక ఆయనకు చెప్పాను. ఆయన నా పిక్క వైపు చూడనైనా లేదు. "మునివేళ్ల మీద నడువు. ఇప్పుడు మడమల మీద నడువు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కగలుగుతున్నావా?" ఎక్కగలుగుతున్నాను అన్నాను. "అయితే వార్డుకి వెళ్లు" అన్నారు. ఆ జబ్బులో అసలు సంగతి కండరం అదరడం కాదు, బలం పోవడం, కండ కరగడం. బలం చెక్కుచెదరకుండా ఉండి, నెలల తరబడి అదురు మాత్రమే ఉంటే అది అలసట, నిద్రలేమి, కాఫీ, మితిమీరిన వ్యాయామం చేసే పని. వైద్య విద్యార్థుల్లో ఈ భయం ఎంత మామూలంటే, ఏ బ్యాచ్‌లోనైనా నాలాంటివాడు ఒకడు ఉంటాడు. మీ కనురెప్పది కూడా ఇదే కథ, ఇంకా చిన్నది. కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో పోతుంది. రెప్పతో పాటు బుగ్గ, నోటి మూల కూడా ఒకే పక్కకు లాగుతుంటే మాత్రం నరాల డాక్టరుకు చూపించండి.

తొడ జుమ్మనడం ఏళ్ల తరబడి ఫోన్ ఒకే జేబులో పెట్టుకున్నవాళ్లకు బాగా తెలుసు. మెదడు ఆ మోత కోసం కాచుకుని కూర్చుంటుంది. బట్ట రాసుకున్నా, చిన్న కండరపు పోగు కదిలినా ఫోనే అనుకుంటుంది. తొడ బయటి వైపు అరచేయంత మేర మొద్దుబారి మంటగా ఉంటే అది వేరే. గజ్జ దగ్గర నుంచి వచ్చే ఒక చర్మపు నరం బెల్టు వల్లో, బిగుతు ప్యాంటు వల్లో, పెరిగిన బరువు వల్లో నలిగితే అలా అవుతుంది. ఆ నరం మోసేది స్పర్శను మాత్రమే, కండరానికి ఆజ్ఞలు మోయదు. అందుకే కాలి బలం తగ్గదు. సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి ఇదే ఉండేది, 1895లో తన తొడ గురించే ఒక వ్యాసం రాశాడు. మనసు లోతుల గురించి అన్ని మాటలు చెప్పిన మనిషి, తన తొడ తిమ్మిరిని మాత్రం మనసు మీదకు నెట్టలేదు.

ఇప్పుడు గుండె. మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఇదే అనిపించింది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. మధ్యలో ఎక్కడో ఒక దెబ్బ తన వంతు రాకముందే తొందరపడి వచ్చేస్తుంది. అప్పటికి గుండె గదిలో రక్తం పూర్తిగా నిండి ఉండదు, కాబట్టి ఆ దెబ్బ బలహీనంగా ఉంటుంది. నాడి పట్టి చూస్తే మణికట్టు దగ్గర ఒక్కోసారి తెలియనే తెలియదు. ఆ తర్వాత మామూలు కంటే కాస్త ఎక్కువ విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె బాగా నిండి, తర్వాతి దెబ్బ ధడాలున కొడుతుంది. అంటే మీకు "తప్పింది" అనిపించిన దెబ్బ తప్పలేదు, ముందే వచ్చి వెళ్లిపోయింది. మీకు తెలిసింది దాని తర్వాతి విరామమూ, ఆ పెద్ద దెబ్బా. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది కాబట్టి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గుండె దెబ్బలన్నీ నమోదు చేసే హోల్టర్ మిషన్‌ని 24 గంటల పాటు పెట్టి చూస్తే, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ చాలామందికి ఇలాంటి దెబ్బలు కనబడతాయి. వాళ్లకు తెలియదు, మీకు తెలుస్తోంది, తేడా అంతే. కూర్చున్నప్పుడు వచ్చి, నడక మొదలుపెడితే సర్దుకునేవి సాధారణంగా మంచివే. శ్రమ చేసే కొద్దీ పెరిగినా, దాంతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఈసీజీ ఒక్కటే చాలదు. ఎకో (గుండె స్కాన్), హోల్టర్ చేయించుకోవాలి.

నిద్ర పట్టేటప్పుడు ఒళ్లు ఎగిరిపడటం దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అయ్యేదే. మెలకువ నుంచి నిద్రలోకి దిగేటప్పుడు మెదడులోని భాగాలన్నీ ఒకేసారి దిగవు, ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ తడబాటులో కాలు జారి పడిపోతున్నట్టు అనిపిస్తుంది, కండరాలు ఒక్కసారి బిగుసుకుంటాయి. మీరు విన్న బాంబు చప్పుడు కూడా ఈ కుటుంబంలోదే. అమెరికన్ నరాల వైద్యుడు సైలస్ వియర్ మిచెల్ 1876లోనే దీన్ని వర్ణించాడు. 1988లో పియర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దీనికి "ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్" అని పేరు పెట్టాడు. పేరు పెట్టినాయన కాస్త ఆలోచించి పెట్టాల్సింది, జబ్బు కంటే పేరే ఎక్కువ భయపెడుతోంది. ఇందులో నొప్పి ఉండదు, అదే గుర్తు. చప్పుడు వినబడి, ఉలిక్కిపడి లేచి, గుండె దడదడలాడి, నిమిషంలో అంతా మామూలవుతుంది. దీనికి భిన్నంగా, క్షణాల్లో భరించలేనంత తలనొప్పి ఎగదన్నితే అది మెదడులో రక్తస్రావం కావచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు.

పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి రెండు పక్కలా ఒకేసారి వస్తోందన్నారు, కాబట్టి నాకు ముందు తట్టేది ఊపిరి. కంగారులో మనకు తెలియకుండానే ఎక్కువ గాలి పీల్చి వదులుతాం. పైకి ఆయాసంలా కనబడక్కర్లేదు, మాటిమాటికీ నిట్టూర్చడం, ఆవలించడం కూడా అదే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, రక్తం క్షార గుణం వైపు మొగ్గుతుంది, దాంతో రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గి నరాలు ఊరికే స్పందించడం మొదలుపెడతాయి. ముదిరితే వేళ్లు కొంకర్లు పోతాయి. దీనికి కాగితం సంచీలో ఊపిరి పీల్చమనే పాత సలహా పాటించకండి, అసలు కారణం గుండెదో ఊపిరితిత్తులదో అయితే అది హాని చేస్తుంది. పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని మెల్లగా వదలండి. అయిదు నిమిషాల్లో తిమ్మిరి తగ్గితే మీ జవాబు మీకే దొరికినట్టు.

గొంతులో అడ్డం గురించి ఒకే ప్రశ్న. అన్నం మింగేటప్పుడు ఉంటుందా, ఉత్తప్పుడు ఉంటుందా? ఉత్తప్పుడు ఉండి, ముద్ద మింగుతుంటే మాయమైతే అది గొంతు కండరాల బిగింపు, లేదా కడుపులోంచి పైకి ఎగదన్నే ఆమ్లం. ముద్దే ఆగిపోతుంటే, గొంతు బొంగురుపోతే, బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా లోపల కెమెరాతో చూడాలి.

ఇన్ని వింతలు ఆరు నెలల్లో ఒకరికే ఎందుకు వచ్చాయి? నా అభిప్రాయంలో అవి కొత్తగా వచ్చినవి తక్కువ, కొత్తగా వినబడుతున్నవి ఎక్కువ. ఈ వాక్యం చదివేదాకా మీ నాలుక నోట్లో ఎక్కడ ఆనుకుని ఉందో మీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది, ఇక కాసేపు పోదు. శరీరం నుంచి మెదడుకు క్షణక్షణం వచ్చే కబుర్లు లెక్కలేనన్ని, వాటిలో చాలావాటిని మెదడు మన దాకా రానివ్వదు. కనురెప్పతో మొదటిసారి భయం పుట్టాక, ఆ జల్లెడ కన్నాలు పెద్దవవుతాయి. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ సినిమా చూసేవాళ్ల దగ్గులు లెక్కించాడు. కథ ఆసక్తిగా సాగే చోట దగ్గులు తక్కువ, బోరు కొట్టే చోట ఎక్కువ. గొంతులు అవే, గరగరా అదే, బయట చూడటానికి ఏమీ లేనప్పుడు లోపలిది వినబడింది. మీ బాధలు పగలు పనిలో తక్కువగా, రాత్రి పక్క మీద ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. "టెన్షన్ వల్లే" అన్న డాక్టర్లు చెప్పబోయింది ఇదే అయ్యుంటుంది. సగంలో ఆపేశారు, అందుకే అది మీకు "నీ ఊహ" అన్నట్టు వినబడింది.

అలాగని అన్నిటినీ ఈ ఖాతాలో వేసేస్తే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. ఒకాయన వచ్చి "అరికాళ్ల కింద దూది పెట్టుకుని నడుస్తున్నట్టు ఉంది" అన్నారు. అప్పుడే ఉద్యోగం పోయిన మనిషి, ముఖంలో దిగులు. నాడి, బీపీ చూసి, మోకాలి మీద సుత్తితో తట్టి చూసి, టెన్షనే అన్నాను. నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. వెళ్లిపోయే ముందు "ముఖం కడుక్కుంటుంటే తూలిపోతున్నానండీ, గోడ పట్టుకోవాల్సి వస్తోంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు చెమటలు పట్టాయి. ముఖం కడుక్కునేటప్పుడు కళ్లు మూస్తాం. పాదాలు ఎక్కడున్నాయో వెన్నుపాము మెదడుకు సరిగ్గా చెప్పనప్పుడు ఆ లోటు కళ్లు భర్తీ చేస్తాయి, కళ్లు మూస్తే మనిషి తూలతాడు. పాదాలు దగ్గరపెట్టి నిలబెట్టి, కళ్లు మూసుకోమంటే చాలు, తెలిసిపోతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు రోంబెర్గ్ వర్ణించిన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. మొదటి రోజే చేయాల్సింది, చేయలేదు. ఆయన ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, దాంతో వెన్నుపాముకు, నరాలకు అవసరమైన విటమిన్ బీ12 అడుగంటింది. ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకున్నారు, వేళ్ల చివర మొద్దుబారడం మాత్రం మిగిలిపోయింది. "దూది" అన్నది వింత మాటే, కానీ అక్కడ ఒక పని పోయింది, అది నేను అడగలేదు.

కాబట్టి మీ జాబితాలో లేకపోయినా ఇవి గుర్తుపెట్టుకోండి. ఒక పక్క చెయ్యో కాలో ఉన్నట్టుండి చచ్చుబడటం, నోరు వంకరపోవడం, మాట తడబడటం, అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా సరే ఆసుపత్రికే. కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ పోయి మూత్రం రావడం కష్టమైతే అదే రోజు చూపించాలి. పాదాల్లో మొదలైన తిమ్మిరి రోజుల్లో పైకి పాకుతూ కాళ్ల బలం తగ్గుతుంటే, ఆగకూడదు. ఒక కంటికి తెర వేసినట్టు చూపు పోతే, ఆగకూడదు. మైగ్రేన్‌లో కూడా చూపు చెదురుతుంది గానీ, అక్కడ మెరుపు గీతలు మెల్లగా, పది ఇరవై నిమిషాల్లో పక్కకు పాకుతాయి. కార్ల్ లాష్లీ అనే శాస్త్రవేత్త తన మైగ్రేన్ మెరుపులనే కాగితం మీద గీసుకుని, మెదడు పొర మీద ఆ అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు నడుస్తోందని 1941లో లెక్క కట్టాడు. పాకేది చాలాసార్లు మైగ్రేన్, ఒక్కసారిగా తెర పడేది రక్తనాళపు సమస్య. మొదటిసారి వస్తే ఏది ఏదని ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి.

డాక్టరు దగ్గర ఎలా చెప్పాలన్నది కూడా సగం వైద్యమే. చాలామంది నా దగ్గరకు వచ్చి "న్యూరోపతీ లాగా ఉంది" అంటారు, అంటే నరాల జబ్బని. ఆ మాట నాకు ఏమీ చెప్పదు. అదే మనిషిని ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పమంటే "మంచం ఎక్కగానే అరికాళ్లు మండుతున్నాయి, దుప్పటి తగిలితే చురుక్కుమంటోంది" అంటారు. ఇప్పుడు నాకు దారి కనబడుతుంది, మంట మోసేవి సన్నని నరాల పోగులు, మామూలు నరాల పరీక్ష లావు పోగులనే చూస్తుంది, కాబట్టి అది నార్మల్ వచ్చినా ఈ మంట అబద్ధం కాదు. సలుపు, పొడుపు, గుంజుడు, లాగుడు, జివ్వుమనడం, మొద్దుబారడం, చీమలు పాకడం అని మన భాషలో ఇన్ని మాటలు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో దారి చూపిస్తుంది. అవే వాడండి. నోట్‌బుక్ రాస్తానంటే రెండు వారాలే రాయండి, రోజుకు ఒక్కసారి, పడుకోబోయే ముందు కాకుండా. ఏ పని చేస్తుండగా వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది, అంతే. గంటగంటకీ రాస్తే జల్లెడ కన్నాలు ఇంకా పెద్దవవుతాయి. మీకు ఏ జబ్బని భయంగా ఉందో ఆ పేరు కూడా పైకి అనేయండి. మీరు క్యాన్సర్ అని భయపడుతుంటే, నేను గుండె బాగుందని ఎంత చెప్పినా మీకు ధైర్యం రాదు.

ఇంకో ఎమ్మారై చేయించుకోనా అని అడిగారు. ఇప్పుడైతే వద్దంటాను. ఫోటో తీస్తే ఏదో ఒకటి కనబడుతుంది. వెన్నునొప్పి అసలే లేనివాళ్లను స్కాన్ చేసినా, 20 ఏళ్లవాళ్లలో దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనబడుతుంది. అది చూశాక మీ వెన్ను కూడా నొప్పి పెట్టడం మొదలవుతుంది. బీ12, థైరాయిడ్, షుగర్, కాల్షియం ఆ రక్త పరీక్షల్లో ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి. నార్మల్ అన్న మాట, చూసినవాటికే వర్తిస్తుంది.

ఇక తలలో కరెంటు. దీన్ని చివరికి వదిలేశానని అనుకోకండి, అన్నిటికంటే సులువుగా తేలేది ఇదేనని నా అనుమానం. మీ ప్రశ్న చివర, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు ఒక వాక్యం ఉంది. "మధ్యలో టెన్షన్‌కి ఇచ్చిన మాత్ర మూడు నెలలు వాడి, బాగానే ఉందని నెల క్రితం నేనే ఆపేశాను." కరెంటు మొదలైంది మూడు వారాల క్రితం. పారోక్సెటిన్, వెన్లఫాక్సిన్ లాంటి టెన్షన్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే, కొద్ది రోజుల్లో తలలో ఇలా జిల్లుజిల్లుమంటుంది, ముఖ్యంగా కళ్లు పక్కకు తిప్పినప్పుడు. మాత్ర ఒంట్లోంచి ఎంత త్వరగా బయటకు పోతే ఇది అంత ఎక్కువ, అందుకే మెల్లగా పోయే ఫ్లూక్సెటిన్‌తో తక్కువ. మెదడు పాడైందని కాదు, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మిగిలిన మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని మీ అంతట మీరు మళ్లీ మింగకండి, ఇచ్చిన డాక్టరుకే ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏ రోజు ఆపారు అన్నవి చెప్పండి. అవసరమైతే ఆయన మళ్లీ మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. వెళ్లే ముందు ఒకటి గమనించి వెళ్లండి. కరెంటు తలలోనే ఆగుతోందా, లేక గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంచితే వెన్ను పొడుగునా కిందికి దిగుతోందా? తలలోనే అయితే మాత్ర సంగతే. వెన్నులోకి దిగుతుంటే మెడ దగ్గర వెన్నుపామును, బీ12ను చూడాలి, మెదడు ఎమ్మారైలో ఆ భాగం సరిగా రాదు. అప్పుడు ఇందాక వద్దన్న స్కాన్ నేనే చేయించుకోమంటాను, మెడకు.